బాగానే ఉన్నాను నాన్నా!

గత క్రిస్మసు పండుగ మరునాడు మా విచారణకు చెందిన ఒక మిరప రైతు తన కుమారుణ్ణి వెంటబెట్టుకుని మా బంగళాకు వచ్చాడు. అబ్బాయి పట్నంలో ఇంజనీరింగు మొదటి సంవత్సరం. "దీవించండి ఫాదర్‌గారూ, బాగా చదువుతున్నాడు" అన్నాడు తండ్రి సంబరంగా. అబ్బాయి ఎత్తిన తల ఎత్తినట్టు లేదు, వంచిన తల వంచినట్టు లేదు.

సాయంత్రం ఒక్కడే మళ్ళీ వచ్చాడు. (పాపసంకీర్తనంలో విన్నది కాదు, వరండాలో కూర్చుని చెప్పినది. తండ్రీకొడుకులిద్దరి అనుమతితోనే రాస్తున్నాను.)

పదవ తరగతి దాకా ఊళ్ళో తెలుగు మీడియం. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ హాస్టలు కళాశాలలో. అక్కడ లేవడానికి గంట, చదవడానికి గంట, తినడానికి గంట. ఇక్కడ ఏ గంటా లేదు. పాఠం ఇంగ్లీషులో పరుగెడుతుంది, రాసుకునేలోగా బోర్డు తుడిచేస్తారు. అర్థంకాని చోట కూర్చోలేక క్లాసులు మానడం మొదలుపెట్టాడు. 75 శాతం హాజరు చేరుతుందో లేదో తెలియదు. మొదటి పరీక్షల్లో లెక్కలు, ఫిజిక్సు పోయాయి. భోజనం ఒంటరిగానే. ప్రతి ఆదివారం రాత్రి తండ్రి ఫోను: "బాగున్నావా? బాగా చదువుతున్నావా?" ప్రతి ఆదివారం ఒకటే జవాబు: "బాగానే ఉన్నాను నాన్నా."

"నాన్నను బాధపెట్టకూడదనే కదా ఫాదర్. అదీ పాపమేనా?"

గురువిద్యాలయంలో నేర్చుకున్న పాఠం నాలుక మీదికి వచ్చింది. పునీత తోమాసు అక్వినాసువారు అబద్ధాలను మూడుగా విభజించారు: కీడు చేసేది, వేళాకోళానికి ఆడేది, ఒకరికి మేలు చేయడానికి ఆడేది. మూడవదానికి దోషం తక్కువే గాని, దోషం లేకపోలేదు. ఆ పాఠమే అప్పజెప్పాను. అబ్బాయి "సరే ఫాదర్" అన్నాడు. ఇంటికి ఫోనులో చెప్పే "సరే" లాంటిదే అది కూడా! నా జవాబు నాకే చప్పగా తోచింది.

పునీత అగుస్తీనువారిని తలచుకున్నాను. ఆయనా చిన్న ఊరి కుర్రవాడే. తగాస్తేలో తండ్రికి పెద్ద ఆస్తి లేదు. డబ్బు కూడేదాకా చదువు ఆగి ఒక ఏడాది ఇంట్లోనే ఉండిపోయాడు. తర్వాత, పదిహేడేళ్ళ ప్రాయంలో, కార్తేజు నగరానికి చదువుకు వెళ్ళాడు. క్రీ.శ. 383లో రోమునగరం వెళ్ళేటప్పుడు, వెంట వస్తానని పట్టుబట్టిన తల్లి మోనికమ్మగారితో, స్నేహితుణ్ణి ఓడ ఎక్కించి వస్తానని అబద్ధమాడాడు. ఆమె సముద్రతీరాన పునీత సిప్రియానువారి మందిరంలో రాత్రంతా కన్నీటితో ప్రార్థించింది. తెల్లవారేసరికి ఓడ లేదు. ఆ సంగతిని ఆయనే తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు. సుమారు 395లో అబద్ధం గురించి ఆయన గ్రంథమే రాశాడు. ఆ రాత్రిని మరచిపోయి రాశాడని నేననుకోను.

ఆ గ్రంథంలో ఒక మెలకువ ఉంది. సత్యాన్ని దాచడం వేరు, అసత్యాన్ని పలకడం వేరు. అబ్బాయికి పనికివచ్చేది ఇదేననిపించింది. రాత్రి ఏడ్చానని, మెస్సులో ఎవరూ పలకరించలేదని తండ్రికి చెప్పాలా? అక్కరలేదు. అది అతని బాధ, చెప్పుకోవచ్చు, దాచుకోవచ్చు. కాని లెక్కల్లో తప్పాడన్నది అతని ఒక్కడి సంగతి కాదు. ఆ రైతు కొడుకు మాట నమ్మి, వచ్చే ఏడాది ఖర్చుకు సంక్రాంతి తర్వాత అరెకరం తాకట్టు పెట్టబోతున్నాడు. మన మాట మీద ఎదుటివాడు అడుగు వేస్తున్నప్పుడు ఆ మాటలో నిజం అతనికి మనం బాకీ పడిన సొమ్ము. సత్యాన్ని అక్వినాసువారు న్యాయమనే సుగుణం పక్కన నిలిపింది ఇందుకేననుకుంటాను.

అయితే తల్లిదండ్రులతోనూ ఒక మాట చెప్పాలి. "బాగా చదువుతున్నావా?" అన్నది ప్రశ్నేనా? దానికి "లేదు" అని జవాబిచ్చే ధైర్యం పద్దెనిమిదేళ్ళ పిల్లవాడికి ఎక్కడినుంచి వస్తుంది? నిజాన్ని పుచ్చుకోవడానికి చేయి చాచనివాడు నిజం రాలేదని నిందించడం సబబు కాదు.

నా సంగతి ఒప్పుకుంటాను. తత్వశాస్త్రం మొదటి సంవత్సరంలో ఇంగ్లీషు పాఠాలు నాకు ఒక్క ముక్క ఎక్కేవి కావు. ఇంటికి ఇన్‌లాండు లెటరులో "నేను క్షేమం" అని రాసేవాణ్ణి. మా అమ్మకు చదువు రాదు. ఉత్తరం ఉపదేశిగారు అరుగు మీద కూర్చుని బిగ్గరగా చదివి వినిపించేవారు. వీధంతా వినే ఉత్తరంలో ఏం రాయను? సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మ అన్నం వడ్డిస్తూ, "ఉత్తరాల్లో నీ గొంతు లేదురా" అంది. అక్షరం రాని మనిషి చదివింది అంత!

ఇదంతా అబ్బాయికి చెప్పాను. లేచి వెళ్ళిపోయాడు. తండ్రితో ఏమన్నాడో, ఎప్పుడన్నాడో నేను అడగలేదు.

జనవరిలో ఒక ఆదివారం పూజ అయ్యాక ఆ రైతు నా దగ్గర ఆగాడు. కొంచెం చిక్కినట్టు కనిపించాడు. తాకట్టు ఆపాడట. "రెండు రాత్రులు నిద్ర పట్టలేదు ఫాదర్‌గారూ, కోపం కూడా వచ్చింది. చేయి ఎత్తబోయాను, దించుకున్నాను." కాసేపు నేల చూశాడు. "ఇప్పుడు ఫోను చేస్తే బాగున్నావా అని అడగడం లేదండి. ఈ వారం ఏ పాఠం అర్థం కాలేదురా అని అడుగుతున్నాను. వాడు చెబుతున్నాడు. నాకూ అర్థం కాదు, అయినా వింటున్నాను. నిన్న నలభై నిమిషాలు మాట్లాడాడు."