పాతది ఎవరికి?

పాత అనే మాటకి అందరికీ ఒకటే అర్థం లేదు. ఊళ్లో పాత అంటే తాతల నాటి భోషాణం, ఇత్తడి గంగాళం, పొలం దస్తావేజు. పాతబడేకొద్దీ వాటి విలువ పెరుగుద్ది. పల్లెలో పాత అంటే ఒకరు వాడి వదిలేసింది. పాత చీర, పాత పుస్తకం, నిన్నటి కూడు. వాళ్లకి పాత అంటే వారసత్వం. మాకు పాత అంటే మిగులు. ఈ తేడా చెప్పకుండా పాత వస్తువుల మీద ప్రేమ గురించి మాట్లాడితే అది సగం మాటే అయిద్ది.

పదేళ్లు వాడిన ల్యాప్‌టాప్‌ని పక్కనబెట్టి నేను కొత్తది కొన్నాను. కొన్న రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. పాతదాన్ని ఏం చెయ్యాలి? ఎవరికివ్వాలి? ఇస్తే అది సాయమా, మిగులా? ఇది చాలా చిన్న విషయం గదా అని మీరు అనొచ్చు. చిన్న విషయాల్లోనే గదా కులం ఎవరికీ కనపడకుండా కూర్చునేది.

మా నాయన చెప్పులు కుట్టేవాడు. పని లేని రోజుల్లో కూలికి పోయేవాడు. మా అమ్మ ఆసాముల ఇళ్లల్లో పేడకళ్లు ఎత్తేది. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయింది నేనే మొదలు. నేను చదివిన పుస్తకాలన్నీ సగం ధరకి కొన్న పాత పుస్తకాలే. వాటిల్లో ముందే ఎవరో గీతలు గీసి ఉండేవాళ్లు. ఏది ముఖ్యమో ఏది కాదో నాకంటే ముందే ఇంకొకడు తేల్చి పెట్టినట్టుండేది.

పండక్కి ఆసామి భార్య మా అమ్మకి ఒక పాత చీర ఇచ్చేది. చేతికివ్వడం కాదు, పైనుంచి వదిలేది. అమ్మ కొంగు చాపి పట్టుకునేది. అది ఎక్కడ చిరిగిందో ఇంటికొచ్చాక దీపం ముందు పెట్టి చూసుకునేది. అక్కడే విప్పి చూస్తే పొగరంటారు. వద్దంటే మర్నాడు పని ఉండదు. ఆ చీరకి మా అమ్మ డబ్బు చెల్లించలేదు, నిజమే. కానీ నోరు మూసుకోవడమే దాని ఖరీదు.

ఇది ఒక్క మా ఊరి ఆచారం కాదు, శాస్త్రంగా రాసిపెట్టిన సంగతి. మనుస్మృతి పదో అధ్యాయం శూద్రుడికి ఎంగిలన్నం, పాత బట్టలు, పాత సామాను ఇమ్మంటుంది. అదే అధ్యాయం చండాలుడికి శవాల మీది బట్టలు, పగిలిన కుండపెంకుల్లో తిండి అంటుంది. అంటే పాతది ఇవ్వడం ఇచ్చేవాడి మంచి మనసు మీద వదిలిన విషయం కాదు. ఎవరికి ఏది రావాలో కొలిచి పెట్టిన లెక్క. 1927 మార్చిలో మహద్ సభలో అంబేడ్కర్ మనవాళ్లని విసిరేసిన ముక్కలు తినడం మానమన్నది ఈ లెక్కని తెంచడానికే. అదే ఏడాది డిసెంబరు 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు.

1985లో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడిగారు. ఇవి మేం తాగే నీళ్లు అని అడిగారు మనవాళ్లు. అడిగినందుకు జూలై 17న పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. తమ మురికి ఎటు పారాలో వాళ్లే తేలుస్తారు. వద్దన్న నోరు మాత్రం నేరస్తురాలు అయిద్ది.

ఇక నా ల్యాప్‌టాప్ సంగతి. 2015లో హైదరాబాద్‌లో కోచింగ్‌కి ఉన్నప్పుడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్లో 15,500 రూపాయలకి కొన్నాను. థింక్‌ప్యాడ్ టీ420, 2011 మోడల్. నల్లగా, ఇటుకరాయంత బరువు, కీబోర్డు మధ్యలో ఎర్రటి బొడిపె. ఏదో కంపెనీ మూణ్నాలుగేళ్లు వాడి బయటికి పంపిన సరుకు. మూత మీద ఆ కంపెనీ స్టిక్కరు పీకిన మచ్చ ఇంకా ఉంది. అదీ పాతదే, ఇంకొకరు వదిలేసిందే. కానీ దాన్ని ఎవరూ నాకు పైనుంచి వదల్లేదు. నా డబ్బు పెట్టి, తిరగేసి చూసి, బేరమాడి, రెండింటిని వద్దని మూడోదాన్ని కొన్నాను. వద్దనే వీలున్నచోట పాతది కూడా మనిషిని చిన్నబుచ్చదు.

తర్వాత నేనే దాన్ని విప్పడం నేర్చుకున్నాను. నాలుగు జీబీ ర్యామ్ ఎనిమిది చేశాను. హార్డ్ డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేశాను. బ్యాటరీ రెండుసార్లు, కీబోర్డు ఒకసారి మార్చాను. ఒకరోజు స్క్రూలన్నీ పళ్లెంలో పోసుకొని కూర్చుంటే నాయన వచ్చి చూశాడు. "ఇదీ మన పనేరా. అడుగు మారిస్తే చెప్పు బతుకుద్ది" అన్నాడు. నాయన దగ్గర ఒక ఆరె ఉండేది. పిడి మూడుసార్లు మారింది, మొన ఎన్నిసార్లు మారిందో లెక్కలేదు. అయినా అది "మా నాయన ఆరె"నే. అన్నీ మారినాక అది అదే ఎట్టా అయిద్ది అని తత్వం చదివినోళ్లు అడుగుతారు. పల్లెలో ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఆరె అంటే మాకు ఇనుమూ కాదు, కర్రా కాదు. దాన్ని బాగుచేస్తూ వచ్చిన చెయ్యి.

అందుకే రెండు ప్రేమల్ని వేరుచేసి చూడాలంటాను. ఒకటి సొంతదారు ప్రేమ. వస్తువుని దసరాకి బొట్టుపెట్టి పూజ చేస్తాడు, అది చెడితే బాగుచేసేవాణ్ని మాత్రం గడప అవతల నిలబెడతాడు. రెండోది బాగుచేసేవాడి ప్రేమ. వీడు పూజ చెయ్యడు. దుమ్ము తుడుస్తాడు, నూనె వేస్తాడు, ఎక్కడ నొప్పో కనిపెడతాడు. నాది రెండో ప్రేమ. దానికి నేనేమీ సిగ్గుపడను.

మరి అంత ప్రేమున్నోడివి కొత్తది ఎందుకు కొన్నావంటారా? విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో కంపెనీ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే కనీసం ఎనిమిదో తరానిది ఉండాలి. నాది రెండో తరం. అది చదివి నవ్వొచ్చింది. మా ఇంట్లో చదువుకి నేను మొదటి తరం. ఎనిమిదో తరానికి గానీ అర్హత లేదని చెప్పేవాళ్లని నేను చాలామందిని చూశాను. బాగా పనిచేస్తున్నదాన్ని కూడా పుట్టిన తరం చూసి పక్కనబెట్టొచ్చు. మిషన్లకీ మనుషులకీ పోలిక అక్కడిదాకే. మిషన్‌కి అవమానం తెలియదు.

లినక్స్ వేసుకుంటే పాతదే నడుస్తది. వేశాను, నడుస్తుంది. అయినా కొత్తది కొన్నాను. బడి పని, వీడియో పాఠాలు, ట్రైనింగులు అని కారణాలు చాలా చెప్పొచ్చు. అవన్నీ నిజమే. కానీ వాటికంటే ముందు ఇంకో నిజం ఉంది. నా పుట్టుకలో ఒకసారైనా, ఇంకొకరి మచ్చ లేని వస్తువుని అట్టపెట్టె చించి బయటికి తియ్యాలనుకున్నాను. అవసరానికి మించి కొనకూడదు, ఉన్నదాంతో సరిపెట్టుకోవాలి అని ఈమధ్య చాలామంది రాస్తున్నారు. మంచి మాటే. కానీ అది ఎవరికి చెప్తున్నారు? మా అమ్మ ఒక జన్మంతా సరిపెట్టుకుంది. దాన్నెవరూ నిరాడంబరత అనలేదు, పేదరికం అన్నారు. విడిచిపెట్టాలంటే ముందు చేతిలో ఉండాలి గదా! కొత్త బట్ట కట్టినందుకు దెబ్బలు తిన్న జాతికి కొత్తది కోరుకోవడం కూడా ఆత్మగౌరవమే.

అట్లని పర్యావరణం మాటని కొట్టిపారెయ్యలేను. 2022లో ప్రపంచం మొత్తం మీద 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగయిందని ఐక్యరాజ్యసమితి సంస్థలు 2024లో లెక్క చెప్పాయి. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకి వచ్చింది 22.3 శాతమే. మిగతాదాంట్లో కొంత ఎటు పోయిద్ది? ఢిల్లీ సీలంపూర్ లాంటి చోట్లకి. అక్కడ పేదవాళ్లు ఉత్త చేతుల్తో విప్పుతారు. రాగి కోసం వైర్లు కాలుస్తారు. బోర్డుల మీది బంగారం కోసం యాసిడ్‌లో ముంచుతారు. సీసం, కాడ్మియం ఆ గాలిలో, ఆ నీళ్లలో కలుస్తాయి. వస్తువు మొదటి చెయ్యి ఎవరిదో అందరికీ తెలుసు, బిల్లు మీద పేరుంటది. చివరి చెయ్యికి పేరుండదు. కులం అంటే పని విభజన ఒక్కటే కాదు, పనిచేసే మనుషుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే తేల్చాడు. చెత్త దగ్గర ఆ మాట ఇప్పటికీ కళ్లకి కనపడుద్ది.

అందుకని నాకు రెండు బాధ్యతలు పడ్డాయి. కొత్తది నా హక్కు, పాతది నా బరువు. ఆ బరువుని ఇంకొకరి నెత్తిన దించి దానికి దానం అని పేరుపెట్టకూడదు.

మా పల్లె పిల్ల ఒకటి ఇంజనీరింగ్ డిప్లొమాలో చేరింది. ల్యాప్‌టాప్ లేదు. నాది ఉందని, కావాలంటే తీసుకోమని, వద్దనుకుంటే మొహమాటం లేకుండా చెప్పమని చెప్పాను. ఆ పిల్ల వచ్చి దాన్ని తెరిచి చూసింది. "బ్యాటరీ ఎంతసేపు వస్తది సార్?" అని అడిగింది. "మా కాలేజీలో చెప్పే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ దీంట్లో నడుస్తదా?" అని అడిగింది. "చెడిపోతే బాగుచేయించే ఖర్చు ఎవరిది సార్?" అని మూడో ప్రశ్న వేసింది. ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఆలోచించి "నాకిది సరిపోదు సార్" అంది.

మా అమ్మ ఇంటికొచ్చి దీపం ముందు చూసుకున్న చిరుగుని, ఆ పిల్ల ఇచ్చేవాడి ఎదురుగానే విప్పి చూసింది. ఈ రెంటికీ మధ్య ఒక తరం దూరం ఉంది. ఆ దూరం నడవడానికే గదా మనం బడులు, సంఘాలు పెట్టుకుంది. తర్వాత మేం నలుగురు టీచర్లం కలిసి ఆ పిల్లకి కొత్తదానికి డబ్బు సర్దాం. దానంగా కాదు, వడ్డీ లేని బదులుగా. కాగితం ఆ పిల్లే రాసిచ్చింది, నెలనెలా ఎంత కడతానో కూడా తనే రాసింది.

పాతది ఇప్పుడు మా బడిలో ఉంది. లినక్స్ మింట్ మీద నడుస్తుంది. పిల్లలు వాళ్ల ఇళ్ల సంగతులు తెలుగులో టైపు చేస్తున్నారు. అయితే సర్కారు బడి పాతవి పడేసే చోటా అని మీరు అడగాలి. నేనూ అడుక్కున్నాను. బడికి కంప్యూటర్లు కావాలని మేం పెట్టిన అర్జీలో ఈ ల్యాప్‌టాప్‌ని చూపించలేదు. చూపిస్తే "ఒకటి ఉంది గదా" అంటారు. నా పాత వస్తువు పిల్లల కొత్త హక్కుని మింగకూడదు. దాని రిపేరు నాది. అది పూర్తిగా ఆగిపోయిన రోజు, గుర్తింపు ఉన్న రీసైక్లింగ్ కేంద్రానికి మోసుకుపోవాల్సింది కూడా నేనే. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు తయారుచేసిన కంపెనీల మీద బాధ్యత పెట్టాయి. కాగితం మీది బాధ్యతని నేల మీదికి దించమని అడగడం సంఘాల పని.

మిత్రులారా, నేను తేల్చుకున్నది ఇంతే. పాతది ఇవ్వడం తప్పు కాదు. బాగుచేసి ఇవ్వాలి. లోపం చెప్పి ఇవ్వాలి. ఎదుటి మనిషి వద్దంటే మళ్లీ అదే ముఖంతో పలకరించగలగాలి. హక్కుగా కొత్తది రావాల్సిన చోట పాతది అడ్డంపడకూడదు. ఈ నాలుగూ ఉంటే అది పంచుకోవడం. ఏ ఒక్కటి లేకపోయినా అది పైనుంచి వదిలిన చీరే. ఇచ్చే చేతులు ఇప్పుడు మనకీ వచ్చాయి. అవి ఎంత ఎత్తులో ఉన్నాయో ఎప్పటికప్పుడు చూసుకోవాల్సింది మనమే.