పిప్పి మంట

బోధన్ దగ్గర బెల్లం వండే మిత్రుడొకాయన పెనం కింద డీజిల్ బర్నర్ పెట్టిస్తానంటున్నాడు. చెరుకు రసంలో నూటికి 80 పాళ్లకు పైగా నీళ్లే. వాటిని ఇగరబెట్టడానికి ఆ చెరుకు పిప్పే చాలు. ఎండబెట్టుకుంటే సరి, కొనక్కర్లేదు. 2015లో మూతపడిన నిజాం షుగర్స్ బాయిలర్లు తిన్నదీ పిప్పే. మరి కొన్న నూనె ఎందుకు తగలెయ్యాలి?

‘పిప్పి మంట మీది బెల్లం రుచే వేరు’ అంటారు, నిజామాబాదులో అరిసెలు తినే నాలాంటివాళ్లు. పొయ్యి నోటి దగ్గర కూచుని గంటల తరబడి పిప్పి ఎగదోసే మనిషికి రుచి సంగతి తర్వాత. ముందు కళ్లలో పొగ, ఒంటికి సెగ. నూనె వస్తే ఆ బాధ పోతుంది. కూలీ పోతుంది. ఏది న్యాయమండీ?

మిత్రుడు ఆయన్ని అడగలేదట. నేనడిగాను.

“పొగగొట్టం జర ఎత్తు చేయించమనుండ్రి సారూ” అన్నాడు.