వంటలక్కకు దక్కని ముగింపు

సీరియల్ సరిగ్గా ముగియలేదని బాధపడేవాళ్లను చూసి నవ్వడం నాకు నచ్చదు. ఆ బాధ నిజమైనదే.

‘కార్తీక దీపం’ సీరియల్ స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలైంది. మా బి.కొత్తకోట చుట్టుపక్కల పగలంతా టమోటా కాయలు కోసి, పచ్చివీ దోరవీ పండినవీ వేరుచేసి క్రేట్లకెత్తిన ఆడవాళ్లు, మదనపల్లె మార్కెట్‌కు సరుకు పంపేసి, రాత్రి ఏడున్నరకు టీవీ ముందు కాళ్లు చాపుకునేవాళ్లు. భర్త కార్తీక్ అనుమానించి దూరం పెట్టినా వంటలు చేసి బిడ్డను పెంచుకున్న కథానాయిక దీప వాళ్లకు సొంత మనిషి. అందుకే అందరికీ ఆమె వంటలక్క అయింది.

2022లో ప్రమాదంలో దీపను, కార్తీక్‌ను చంపేసి కథను పిల్లల తరానికి మార్చారు. జనం ఒప్పుకోలేదు. కొన్ని నెలలకే ఇద్దరినీ మళ్లీ తెచ్చారు. తీరా 2023 జనవరిలో హడావుడిగా ముగించేశారు.

“మొదట్నుంచీ చూసినాం గదమ్మా, ఆ బిడ్డ ఒక్కపూటన్నా సుఖపడింది చూపీకుండానే నిలిపేసిరే!” అంది మా వీధిలో అవ్వ ఒకామె. అంటుంటే గొంతు పూడుకుపోయింది.

2024 మార్చిలో అదే జంటతో రెండో భాగం వచ్చింది గానీ, అది వేరే కథ. పాత దీప బాకీ తీరలేదు.

సీరియళ్లు రాసే అన్నలకు, అక్కలకు నా విన్నపం ఒక్కటే. ఐదేళ్లు మీతో నడిచినవాళ్ల కోసం చివరి వారమైనా తీరిగ్గా రాయండి.