మనది అనదగిన పని

ఇరవై ఏళ్లు జీతానికి కోడు రాసిన ప్రోగ్రామర్ ఉద్యోగం మానేసి ఫ్రీలాన్స్‌లోకి దిగాలనుకుంటే మొదట ఎదురయ్యే ప్రశ్న వ్యాపారానికి సంబంధించినదిగా కనిపిస్తుంది. అన్నీ వచ్చని చెప్పుకోవాలా, ఒక్కటే బాగా వచ్చని చెప్పుకోవాలా? ఒక్కటే అయితే అదేది? గిరాకీ ఉన్నదాన్ని ఎంచుకోమంటారు కొందరు, ఇష్టమైనదాన్ని పట్టుకోమంటారు ఇంకొందరు. నిజానికి ఇది పాత ప్రశ్నే. లోపాలున్నా సరే స్వధర్మమే మేలని భగవద్గీత మూడో అధ్యాయంలో ఒకసారి, పద్దెనిమిదో అధ్యాయంలో మరోసారి చెబుతుంది. మరి ఏది ‘స్వ’, ఏది ‘పర’ అని తేల్చేదెలా? గిరాకీ మన చేతిలో లేదు. ఇష్టం మనదే గానీ దానికీ నిలకడ లేదు. ఏ పని చెడితే ఎందుకు చెడిందో చెప్పి, బాగుచేసే పూచీ తీసుకోగలమో అదే మనదని నా వాదన.

కోబాల్ సంగతి చూడండి. 1959లో రూపకల్పన మొదలైన ఈ ప్రోగ్రామింగ్ భాష ఇక పోయినట్టేనని అనుకున్నవాళ్లు చాలామంది. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల ఉపాధి పోయినవాళ్ల దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు, వాటిని చూసే పాత వ్యవస్థలు కోబాల్‌తోనే నడుస్తున్నందున, అప్పటి న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని అందరి ముందూ అడగవలసి వచ్చింది. భాష నేర్వడం అంత కష్టమేమీ కాదు. వై2కె రోజుల్లో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కొద్ది నెలలు కోబాల్ నడిచే మెయిన్‌ఫ్రేమ్ నేర్చుకుని విమానమెక్కిన తెలుగువాళ్లున్నారు. నెలల్లో రానిది వేరే ఉంది: ఆ పాత ప్రోగ్రాములో ఫలానా షరతు ఏ నిబంధన మారినప్పుడు చేరిందో, దాన్ని తీసేస్తే ఎవరి చెక్కు ఆగిపోతుందో తెలియడం. ఆ తెలివిడి దెబ్బలు తిని, దిద్దుకుని, మళ్లీ జవాబు చెప్పుకున్నవాడికే దక్కుతుంది.

ప్రోగ్రామర్ డి. రిచర్డ్ హిప్ ఇంకో సాక్ష్యం. అమెరికా నౌకాదళపు యుద్ధనౌక కోసం సాఫ్ట్‌వేర్ పని చేస్తుండగా, డేటాబేస్ సర్వర్ ఆగితే తన ప్రోగ్రామూ ఆగిపోయేది. సర్వరే అక్కర్లేని డేటాబేస్ ఉంటే బాగుండునన్న ఆలోచన 2000లో ఎస్‌క్యూలైట్ అయింది. కోడును ఆయన ఎవరైనా వాడుకునేలా లోకానికి వదిలేశారు. ఆదాయం దాన్ని కనిపెట్టుకుని ఉండే సపోర్టు నుంచి వస్తుంది. 2050 దాకా చూసుకుంటామని ఎస్‌క్యూలైట్ బృందం చెబుతోంది. తమ నైతిక నియమావళిగా వాళ్లు ఆరో శతాబ్దపు సెయింట్ బెనెడిక్ట్ నియమాలను ఎంచుకున్నారు. బెనెడిక్టైన్ సన్యాసి చేసే ప్రతిజ్ఞల్లో ఒకటి స్థిరత్వం, అంటే చేరిన మఠాన్ని విడవకుండా ఉండటం. ఫ్రీలాన్సర్ అమ్మేదీ చివరికి ఆ నిలకడనే.

దీనిమీద గట్టి ఆక్షేపణ ఒకటుంది. స్వధర్మం అనే మాట మన దేశంలో కులవృత్తికి కాపలా కాసింది. మహాభారతంలో, మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడు కూడా అది తనకు వంశపారంపర్యంగా వచ్చిన పని అనే చెబుతాడు. కులం పనిని పంచడంతో ఆగదు, పనిచేసేవాళ్లనే విడదీస్తుందని అంబేద్కర్ 1936లోనే తేల్చారు. ఆ విమర్శను పక్కనపెట్టి ఈ మాట వాడటం నిజాయితీ కాదు. అందుకే నేను చెప్పే ‘స్వ’కు పుట్టుకతో సంబంధం లేదు. చేసిన పనితో అందులోకి వస్తాం, ఒప్పుకున్న బాధ్యతలు తీర్చి బయటికీ పోగలం. ఎవరైనా రాగల, పోగల తలుపు లేని చోటు స్వధర్మం కాదు, చెర.

అయితే పట్టుకున్న పనే అంతరిస్తే? 2020 చివరి రోజుతో, వెబ్‌లో కదిలే బొమ్మలకు వాడిన ఫ్లాష్‌కు అడోబీ మద్దతు ముగిసింది. తాను ఫ్లాష్ ప్రోగ్రామర్‌నని మాత్రమే చెప్పుకున్నవాడికి ఆ రోజుతో పేరు పోయింది. పిల్లలకు పాఠాన్ని బొమ్మలాటగా మలచడం తన పని అనుకున్నవాడికి పోయింది పనిముట్టు మాత్రమే. కాబట్టి అనుభవజ్ఞుడు వెతుక్కోవలసింది నేర్చిన భాషల జాబితాలో కాదు. ఇన్నేళ్లలో ఏది చెడితే మొదటి ఫోను తనకే వచ్చిందో, అక్కడ. దానికి బయట ఉన్న పనికి ఎంత డబ్బు ఇస్తామన్నా, ‘ఇది నాది కాదు’ అనగలగడమే కష్టం. నేర్చుకోవడానికి చేస్తున్నానని ముందే చెప్పి చేస్తే తప్పులేదు. వచ్చినట్టు నటించి ఒప్పుకోవడమే తప్పు. పరధర్మంలో భయముందని గీత అన్నది దాన్ని ఆచరించేవాడి గురించి. ఈ వృత్తిలో మాత్రం ఆ భయం పని చేయించుకున్నవాడి వంతుకొస్తుంది.