అది ఫాదర్‌గారి పని

మా టీమ్‌లో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఒక మెంటర్ ఉంటారు. మొన్న ఒక కుర్రాడు వరసగా మూడు స్టాండప్పుల్లో నోరు విప్పలేదు. ఏమైందో కనుక్కుందామా అని పక్క సీటతన్ని అడిగితే, "వాడికి మెంటర్ ఉన్నాడుగా" అన్నాడు. నేనూ తలూపాను. తర్వాత చాలాసేపు పని మీద మనసు నిలవలేదు. చిన్నప్పుడు నేను కూడా సరిగ్గా ఇలాగే అనుకున్నాను.

నేను చదివింది క్యాథలిక్ ఫాదర్లు నడిపే హైస్కూల్లో. తొమ్మిదో తరగతి సెక్షన్లో అరవై మందిమి. మా ఇన్‌చార్జి ఫాదర్ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్కు ఉండేది, ఒక్కో పిల్లాడికి ఒక్కో పేజీ. వారానికి నలుగురైదుగురిని పిలిచి, వేపచెట్టు కింద అరుగు మీద కూర్చోబెట్టుకుని మాట్లాడేవారు. ముందు ఇంటి గురించి, చదువు గురించి చివర్న. ఆ ఏడాది మా నాన్న కొట్టు మూతపడింది. నేనెవరికీ చెప్పలేదు, ఫాదర్ అడగనూ లేదు. మధ్యాహ్నం లైబ్రరీ పుస్తకాలకి అట్టలేసే పని మాత్రం నాకిచ్చారు. ఆ పని చేసేవాళ్ళకి భోజనం హాస్టల్ మెస్సులో. ఆయన నాకిచ్చింది పని కాదనీ భోజనమనీ అర్థమవడానికి పదేళ్ళు పట్టింది.

డాన్ బోస్కో 1884లో రోమ్ నుంచి ట్యూరిన్‌లోని తనవాళ్ళకి ఒక ఉత్తరం రాశాడు. పిల్లల్ని ప్రేమిస్తే చాలదు, ప్రేమిస్తున్నారని వాళ్ళకి తెలియాలి అన్నది దాని సారం. ఆటల వేళ పిల్లల్లో కలిసిపోవాల్సిన పెద్దలు దూరంగా ఉండిపోతున్నారని ఆయన బాధ. నా అనుభవం దీనికి కొంచెం అడ్డం తిరుగుతుంది. నాకు తెలియకుండా చేయడమే నా మర్యాద కాపాడింది. అయినా ఆయన మాట తప్పనలేను. భోజనం సంగతి తెలియకపోయినా, నన్నొకరు పట్టించుకుంటున్నారని మాత్రం తెలిసేది.

మరి నా బెంచీమేటు పేజీ? వాడు తెల్లవారుజామున మిర్చి యార్డులో పనిచేసి బడికొచ్చేవాడు. వేళ్ళు మండుతుంటాయని కళ్ళు నలుపుకోకుండా జాగ్రత్తపడేవాడు. ఫస్టు పీరియడ్‌లోనే నిద్రపోయేవాడు. అరుగు మీద ఫాదర్ అడిగితే "బానే ఉంది ఫాదర్" అని వచ్చేవాడట. అరవై మందిలో ఒకడు పది నిమిషాల్లో అలా చెప్తే ఎవరైనా నమ్ముతారు. నాకు మాత్రం తెలుసు. రోజూ వాడి చొక్కాకి అంటుకున్న మిరప ఘాటు పక్కనే కూర్చునేవాణ్ణి. నా వంతు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నా గురించే మాట్లాడి వచ్చాను. దసరా సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు.

చెప్తే చాడీ అవుతుందని భయపడ్డానా? అదీ కొంత నిజమే. అంతకన్నా నిజం, పిల్లల్ని చూసుకోవడం ఫాదర్‌గారి పని, నాది కాదు అనుకున్నాను.

సిమోన్ వెయిల్ 1942లో, క్యాథలిక్ విద్యార్థుల మధ్య పనిచేసే ఫాదర్ పెర్రిన్ కోసం ఒక వ్యాసం రాసింది. లెక్క తేలకపోయినా దానిమీద నిలిపిన ధ్యాస వృథా పోదని, బాధలో ఉన్న మనిషిని నిజంగా చూడాలన్నా ఆ ధ్యాసే కావాలని అంటుంది. నన్ను ఆపిన సంగతి ఇంకొకటి. ఆమె ఆ ధ్యాస అలవరచుకోమంటున్నది టీచర్లని కాదు, విద్యార్థుల్ని.

మెంటరింగ్ గురించి మనం మాట్లాడేదంతా ఒకవైపే ఉంటుంది. చూసుకునేవాళ్ళు ఒకరు, ఆ సాయం అందుకునేవాళ్ళు ఇంకొకరు. పద్ధతి వద్దని నేననను. ఆ నోట్‌బుక్కు లేకపోతే నా మధ్యాహ్నాలు ఆకలితో గడిచేవి. కానీ శ్రద్ధకంటూ ఒక కుర్చీ వేసి అందులో ఒకర్ని కూర్చోబెట్టగానే, మిగతావాళ్ళం నిశ్చింతగా తప్పుకుంటాం. పైగా అందరికన్నా ముందు తెలిసేది పక్కన కూర్చున్నవాడికే. పద్నాలుగేళ్ళ పిల్లాడి మీద ఇంత భారం మోపుతావా అంటారేమో. వాణ్ణి వదిలేద్దాం. నాకిప్పుడు ముప్ఫై ఆరు, ఆ సాకు చెల్లదు.

ఆ సాయంత్రం కుర్రాణ్ణి టీకి పిలిచాను. మొదటి కప్పు అయ్యేదాకా "బానే ఉందన్నా" అంటూనే ఉన్నాడు.

ఇంకో రెండు టీ చెప్పాను.