సమర్పణము నశించునా?

భగవంతునికి భక్తితో సమర్పించిన వస్తువు కాలవశమున నశించినచో, దానితోపాటు ఆ సమర్పణము కూడ నశించినట్లేనా? ఆభరణమును చేయించి యిచ్చిన ప్రతి భక్తుని మనస్సులోను ఈ సందేహ మెన్నడో యొకనాడు మెదలును. ఫ్రాన్సు దేశమందలి యొక క్రైస్తవ దేవాలయ చరిత్రము దీనిని విచారించుటకు మిక్కిలి ఉపకరించును.

పారిస్ నగరమునకు ఉత్తరమున సెయింట్ డెనీ మఠాలయము కలదు. ఫ్రాన్సు రాజులలో పెక్కుమంది సమాధు లచ్చటనే యున్నవి. 1122 నుండి 1151 వరకు సూజే అను నాయన దానికి మఠాధిపతిగా నుండెను. బంగారము, రత్నములు, రంగుటద్దముల కాంతి చూచువాని మనస్సును మెల్లమెల్లగా పరంజ్యోతి వైపునకు నడిపించునని ఆయన విశ్వాసము. ఆ కాలమువాడే యగు బెర్నార్డ్ అను యతి, మఠములలోని యిట్టి వైభవము నాక్షేపించుచు 1125 ప్రాంతమున నొక గ్రంథము వ్రాసెను. దేవాలయపు గోడలు మెరయుచుండగా బీదలు ఆకలితో నుండుట ధర్మమా యని ఆయన ప్రశ్న.

ఆ ఆలయ భాండారములో ‘షార్లమేన్ మందసము’ అను వస్తు వుండెడిది. మందసమని పేరే గాని, అది మూడంతస్తులుగా నిలిపిన స్వర్ణ తోరణముల వంటిది. నీలములు, పచ్చలు, ముత్యములు దాని నిండ పొదిగియుండెను. జనులు దానిని షార్లమేన్ చక్రవర్తి పేర పిలిచినను, అది ఆయన మనుమడగు రెండవ చార్లెస్ కాలమునాటిదని, అనగా 9వ శతాబ్దమునాటిదని పండితుల యభిప్రాయము. ఫ్రెంచి విప్లవ కాలమున, 1793లో, ఆ భాండారమును ప్రభుత్వము స్వాధీనము చేసికొనెను. 1794లో మందసమును విడదీసి బంగారమును కరిగించిరి. శిఖరభాగ మొక్కటి మాత్రము మిగిలి నేడు పారిస్ జాతీయ గ్రంథాలయములో నున్నది. రోము చక్రవర్తి టైటస్ కుమార్తె జూలియా ముఖము చెక్కిన రత్నము దానిపై నున్నది.

కరిగింపబడుటకు ముందు లబార్ అను శిల్పశాస్త్రజ్ఞుడు మందసమును నీటిరంగులతో చిత్రించెను. దాని పూర్ణరూపము నేడు మనకు తెలియుచున్నదన్న నది ముఖ్యముగా ఆ చిత్రము వలన. తొమ్మిది వందల యేండ్లు నిలిచిన బంగారము అగ్నిపాలయ్యెను. ఎవరును ఆశింపని కాగితము మిగిలెను.

అయినను చిత్రము మందసము కాదు. దీపకాంతిలో రత్నము మెరయుట నే రంగును చూపజాలదు. కావున నష్టము నష్టమే. దానిని వేదాంతవాక్యములతో కప్పిపుచ్చుట తగదు. నశించిన దేదియో, నశింపని దేదియో వేరుపరచుటయే వివేకము. దాత తన పేరు బంగారముపై నిలువవలెనని కోరియుండినచో ఆ కోరిక బంగారముతోనే కరగినది. ఇది నాది కాదు, స్వామిదే యని విడిచియుండినచో, ఆ విడుచుట ఇచ్చిన క్షణముననే పూర్తియైనది. దానిని కరిగింపగల మూస లేదు.

ఇక రక్షించువారి ధర్మము వేరు. స్వామి సొత్తును శ్రద్ధతో కాపాడుట, దాని రూపమును, తూకమును ఉన్నదున్నట్లు వ్రాసియుంచుట కూడ కైంకర్యమే. లబార్ కుంచె చేసిన పని అట్టిదే. బెర్నార్డ్ ప్రశ్నకు మాత్ర మే చిత్రమును సమాధానము చెప్పదు. స్వామికి కానుక నర్పించి గుడి వెలుపలికి వచ్చిన ప్రతివాడును, వాకిట ఆకలితో నిలిచినవానిని చూచి, తన చేతితోనే దానికి సమాధానము చెప్పవలసి యున్నది.