వాటా వేసుకునే ముందు

నాన్నా,

మీ మధురవాడ అపార్ట్‌మెంట్లో నాలుగిళ్లవాళ్లు కలిసి పద్మనాభం వైపు మందలవాళ్ల దగ్గర పొట్టేలు మాట్లాడుకుంటున్నారని కోడలు ఫోన్లో చెప్పింది. సంతోషం. ఆదివారం పొద్దున్నే కొట్టు ముందు వరసలో నిలబడి, అతను ఏది తూస్తే అది తెచ్చుకోవడం కన్నా, ఏ ఇంటివాళ్లు పెంచారో తెలిసిన జీవాన్ని కొనుక్కోవడం ఎంతో మేలు. ఉక్కునగరం క్వార్టర్లలో ఉన్న రోజుల్లో మేం ఎనిమిదిళ్లం కలిసి ఇలాగే కొనేవాళ్లం. అప్పుడు తెలిసొచ్చినవి నీకు చెప్పాలి.

బేరం తర్వాత సంగతి, ముందు మందను చూడు. తెల్లారి మేతకు కదలకముందే వెళ్లు. ముక్కు కారుతోందా, వెనక పారుతోందా, మందతో నడవలేక వెనకబడుతోందా గమనించు. నట్టల మందు ఎప్పుడు తాగించారో, సూది ఎప్పుడు వేయించారో అడుగు. మందు వేశాక ఇన్నాళ్లదాకా కోయకూడదని ఒక గడువుంటుంది, అది పశువుల డాక్టరు చెబుతాడు. చచ్చినదాన్ని, చావబోతుంటే కోసినదాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా ముట్టుకోవద్దు. మన ఏజెన్సీలో అలాంటి మాంసం వల్లే మనుషులకు దొమ్మ రోగం సోకింది.

ఇరవై కిలోలు తూగిన పొట్టేలుకి కూర తొమ్మిది, పది కిలోలే వస్తుంది. తల, కాళ్లు, బోటీ దానికి వేరు. ఈ లెక్క నలుగురికీ ముందే చెప్పు. లేకపోతే మందవాడు మోసం చేశాడని పాపం అతని మీద పడతారు. కడుపు నిండా మేసొచ్చిన జీవాన్ని కాటా ఎక్కించకుండా, పొద్దున్నే పరగడుపున తూయించు.

ఇక వాటాలు. స్నేహాలు నిలిచేదీ చెడేదీ ఇక్కడే. తొడ, చాప, మెడ, దుమ్ము అన్నీ ప్రతి కుప్పలోనూ పడేలా మేం కొట్టించేవాళ్లం. కార్జం కూడా ఎనిమిది ముక్కలే. కుప్పలు టేకాకుల మీద పెట్టాక, ఒక పిల్లాణ్ణి అటు తిప్పి నిలబెట్టి ఒక్కో కుప్పకీ ఒక్కో పేరు చెప్పించేవాళ్లం. తలకాయ, కాళ్లు వంతులవారీగా వెళ్లేవి. బి షిఫ్టుకి వెళ్లినవాడి వాటా అందరికన్నా ముందు అతనింటికి చేరేది. ఒకసారి ఎవరో తొందరపడి కార్జం అంతా పక్కకి తీసేసుకుంటే, రెండిళ్ల మధ్య ఏడాది పాటు మాటల్లేవు. పులుసుకి పెద్ద ముక్కలా, వేపుడికి చిన్నవా, పసిపిల్లలకి మెత్తనా, అమ్మమ్మకి సూపు కాళ్లా, ఏదైనా కత్తి పడకముందే చెప్పాలి. కొట్టేశాక మార్చలేం.

అపార్ట్‌మెంట్ మేడమీద మాత్రం కోయించొద్దు. నగరంలో అనుమతి ఉన్న కబేళాలో, డాక్టరు చూశాకే కోయాలి. 2001 నాటి కేంద్ర నిబంధనలు అదే చెబుతున్నాయి. చూలుతో ఉన్నదాన్ని, మూడు నెలల లోపు పిల్లని, అంత చిన్న పిల్ల ఉన్న తల్లిని కోయకూడదని కూడా అందులోనే ఉంది. నిబంధన లేకపోయినా మనం చేయదగిన పని కాదు.

కోసిన వెంటనే పొయ్యెక్కిస్తే ముక్క బిగుస్తుంది. ఫ్రిజ్ కింది అరలో ఒక రాత్రి ఉండనియ్యి. మిగతాది పూటకి సరిపడా అరకిలో చొప్పున, పల్చగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టు. ఒకే ముద్దగా కుక్కితే లోపలిది గడ్డకట్టేలోపే చెడుతుంది. తుఫాన్ల కాలం ఒకటి గుర్తుంచుకో. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోతే, మన ఫ్రిజ్‌లో దాచిందంతా మీ పెద్దమ్మ కళ్లనీళ్లతో పారబోసింది. అక్టోబరు, నవంబరుల్లో పూటకి సరిపడానే తెచ్చుకోండి. మా అమ్మకైతే ఫ్రిజ్ ఉండేది కాదు. మిగిలిన మాంసానికి ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి ఎండలో కట్టేది. ఆ ఎండు మాంసం వంకాయతో వండితే ఇల్లంతా ఘుమఘుమలాడేది.

చివరిగా ఒక్క మాట. ఆ పొట్టేలు వెనక ఒక కుటుంబం ఏడాదంతా ఎండలో, వానలో నడిచింది. వంద తగ్గించమని గంటసేపు వాళ్ల గుమ్మంలో నిలబడకు. సంక్రాంతికి కావాలంటే దసరాకే బయానా ఇవ్వు, ఆ డబ్బు వాళ్లకి దాణాకీ మందులకీ పనికొస్తుంది. ముక్కనుమ పొద్దున పొట్టేలుని తెచ్చుకునేటప్పుడు మిగతా సొమ్ము పైసా బాకీ లేకుండా వాళ్ల చేతిలో పెట్టి రా.